ఫోర్కుతో తిరగడం

2016లో వచ్చిన పజిల్ గేమ్ ‘స్టీఫెన్స్ సాసేజ్ రోల్’. చేసింది స్టీఫెన్ లావెల్. ఒక దీవి మీద మనిషంత సాసేజ్‌లని పొయ్యిల మీదకి దొర్లించి, ఏ వైపూ మాడకుండా కాల్చాలి. అంతే ఆట. మొదటిసారి ఆడినవాళ్లు చేసే ఫిర్యాదు కూడా ఒకటే: “కంట్రోల్స్ బాలేవు.” నేనూ అదే అన్నాను.

ఎందుకంటే మన బొమ్మ చేతిలో ఓ పొడుగాటి ఫోర్కు ఉంటుంది. బొమ్మకో గడి, ఫోర్కుకో గడి. పైకి చూస్తున్నప్పుడు కుడి బాణం నొక్కితే కుడికి నడవడు, నిలబడ్డచోటే తిరుగుతాడు. తిరుగుతూ తిరుగుతూ ఫోర్కుతో పక్కనున్న సాసేజ్‌ని నెట్టేస్తాడు. అపార్ట్‌మెంట్ మెట్ల మీద నిచ్చెన మోసుకెళ్లినట్టు ఉంటుంది వ్యవహారం.

కొన్ని గంటలయ్యాక అర్థమైంది, పజిల్ అంటే ఆ తిరగడమే అని. బాణం నొక్కిన వైపుకి హాయిగా నడిచేస్తే ఇక ఆట మిగలదు. పైగా అన్‌డూకి లెక్కలేదు, ఎన్ని అడుగులైనా వెనక్కి వెళ్లొచ్చు. తప్పు చేస్తే శిక్ష లేదు. నా ఫిర్యాదు దానంతటదే పోయింది.

అలాగని ఫిర్యాదులన్నీ ఇంతేనా? ఆఫీసులో మేం అలాగే అనుకుంటాం. “వర్కింగ్ యాజ్ డిజైన్డ్” అని రాసి టికెట్ మూసేస్తాం.

అదే ఏడాది వచ్చిన జొనాథన్ బ్లో గేమ్ ‘ది విట్‌నెస్’ ఇక్కడ అడ్డం పడుతుంది. పలకల మీద గీతలు గీస్తూ దీవంతా తిరిగే ఆట. అడవిలో పక్షి కూతల హెచ్చుతగ్గులు విని గీత గీయాలి. గాజు గదిలో రంగుల తేడా పట్టాలి. మా తమ్ముడికి ఎరుపూ ఆకుపచ్చా కలిసిపోతాయి. వాడికి అన్‌డూ పనికిరాదు, ఇంకో గంట ఆలోచించినా పనికిరాదు.

బ్లో వైపు వాదన కొట్టేసేది కాదు. ఆ ఆట చూడటం, వినడం గురించే. వినడం తీసేస్తే అడవి పజిల్ ఉండదు. పదకొండు లేజర్లలో ఏడు వెలిగిస్తే ముగింపుకి దారి తెరుచుకుంటుంది, కాబట్టి కొన్ని వదిలేయొచ్చు కూడా. ఈ మాట చెప్తే తమ్ముడు, “అంటే ఆ గదులు నాకోసం కాదన్నమాట కదరా అన్నయ్యా” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు ఫిర్యాదు వినగానే నేను వేసుకునే ప్రశ్న ఒకటే: అలవాటైతే ఇది పోతుందా? పోయేదైతే డిజైనర్ మొండిగా ఉండొచ్చు, లావెల్ ఉన్నట్టు. పోనిదైతే “డిజైన్ అంతే” అన్నది జవాబు కాదు. ‘ది విట్‌నెస్’ నాకిప్పటికీ గొప్ప ఆటే. కానీ ఆ గొప్పదనానికి ఎవరు బయట నిలబడాల్సి వచ్చిందో కూడా చెప్పకుండా దాని గురించి రాయలేను.

మా ప్రోడక్టులో తప్పు పడితే గడి ఎర్రబడుతుంది, ఇంకేం చెప్పదు. ఒక యూజర్ దాని మీద రాస్తే నేనే టికెట్ మూసేశాను. నిన్న మళ్లీ తెరిచాను.