మూతి లేని కుండ

ఈ వారం తెనాలిలో మా అన్నయ్య కూతురి కొత్తింటికి వెళ్లాను. హాల్లో నడుమెత్తు కుండ. నీలం పూత, నిండైన పొట్ట. మూతి ఉండాల్సిన చోట మాత్రం మట్టితోనే మూసేశారు. "నీళ్లెలా పోస్తారమ్మా?" అంటే, "అది శిల్పం బాబాయ్, నీళ్లకు కాదు" అంది. చిర్రెత్తుకొచ్చింది. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పట్టుదల తెలిసిందే: నీళ్లు చల్లబరచని కుండకు అందమేమిటి?

చిన్నప్పుడు దుగ్గిరాలలో కుమ్మరి వాకిట్లో పూటలు గడిపేవాణ్ణి. సారె మీంచి దిగిన కుండకు అడుగు ఉండదు. కాస్త ఆరాక ఒళ్లో పెట్టుకుని, లోపల గుండ్రాయి ఆనించి, బయట చెక్కతో తడుతూ తిప్పుతూ పోతే గోడ పలచబడి, పొట్ట ఉబ్బి, అడుగు మెల్లగా మూసుకునేది. ఆవంలో కాలినా ఆ మట్టిలో సన్నటి రంధ్రాలు మిగులుతాయి. వాటిలోంచి చెమర్చిన తడి ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. శిల్పులు వాడే స్టోన్‌వేర్ మట్టిని 1,200 డిగ్రీలు దాటించి కాలుస్తారు. అది రాయిలా బిగిసి ఎండకూ వానకూ నిలుస్తుంది. అందులో నీళ్లు మాత్రం చల్లబడవు.

అమెరికాలో 1950లలో పీటర్ వోల్కస్ జాడీలను కోసి, ఒకదాని మీద ఒకటి ఎక్కించి శిల్పాలు చేశాడు. 1944లో పుట్టి, హైదరాబాద్‌లోనూ బరోడాలోనూ చదువుకున్న పి.ఆర్. దారోజ్ ఢిల్లీలో ఉంటూ కాల్చిన మట్టితో పెద్ద పెద్ద ద్వారాలు, స్తంభాలు నిలబెట్టారు. వినోద్ దారోజ్ గుడి రూపాలను మట్టిలోకి తెచ్చారు. గొప్ప పనే, కానీ కుండ పనిలో లెక్కకు రాదని రాయబోయాను.

అయిరేని కుండలు అడ్డొచ్చాయి. పెళ్లికి మేళంతో వెళ్లి కుమ్మరింటి నుంచి తెచ్చుకుంటాం. సున్నం, జాజు పూసి, మన దుగ్గిరాల మార్కెట్ యార్డు పసుపు పెట్టి పూజ చేస్తాం. దాహానికి వాటిలో నీళ్లు పట్టినవాళ్లెవరు? సుమారు రెండువేల ఏళ్ల కిందట అమరావతి శిల్పులు పూర్ణఘటాన్ని సున్నపురాయి మీద చెక్కారు. చుక్క నీరు పట్టని ఆ ఘటమే 2018 నుంచి మన రాష్ట్ర చిహ్నంలో ధర్మచక్రం నడుమ ఉంది. నీళ్లు పోయని కుండకు దణ్ణం పెట్టడం మనకు కొత్త కాదు. మా అమ్మాయి హాల్లో ఉన్నదీ కుండే.

ఒక్క విన్నపం. అయిరేని కుండల బదులు రంగేసిన స్టీలు బిందెలతో సరిపెట్టకండి. ముహూర్తం పెట్టుకోగానే కుమ్మరికి చెప్పండి, మట్టి ఆరడానికి వ్యవధి ఇవ్వండి. బేరమాడకుండా, శిల్పానికి ఇచ్చే ధర ఇవ్వండి.