నా పెన్సిలు, వాళ్ల బోర్డు

మా చిన్నాయన కరెంటాఫీసులో గుమాస్తా. రేసులున్న ఆదివారం పొద్దున ఇంట్లో అందరూ ఇడ్లీలు తింటుంటే ఆయన మాత్రం చాప మీద రేస్ బుక్ పరుచుకుని, చెవి మీద పెన్సిలుతో కూర్చునేవాడు. గుర్రం పేరు పక్కన చుక్క పెడితే ‘చూడొచ్చు’ అని, సున్న చుడితే ‘గెలవొచ్చు’ అని, అడ్డగీత కొడితే ‘వదిలెయ్’ అని అర్థం. పదేళ్లకే నాకా గుర్తులన్నీ వచ్చు. మా పిన్నికి ఆ పుస్తకం కంటపడితే ఒళ్లు మండేది. హైదరాబాదు రేసులు జరిగే మలక్‌పేట మా ఇంట్లో ఒక పేట పేరు కాదు, తిట్టు.

నేను పందెం కాయను. దానికి కారణం నీతి కాదు, నెలాఖర్న మా పిన్ని ముఖం. కానీ ఆ పుస్తకం చదివే జబ్బు మాత్రం వదల్లేదు. రైల్వే టైం టేబుల్‌నో పంచాంగాన్నో కాలక్షేపానికి చదివేవాళ్లుంటారు కదా, నాదీ ఆ కులమే.

పోయిన చలికాలం సీజన్లో ఒక ఆదివారం నన్ను నేనే పరీక్షించుకుందామని బుద్ధి పుట్టింది. ఎనిమిది రేసులు. ఇంట్లోనే కూర్చుని రేసుకో గుర్రం చొప్పున నోటుబుక్కులో రాసుకోవాలి. పెన్సిలుతో కాదు, పెన్నుతో. తర్వాత కొట్టివేతలుండకూడదు. ఈ నియమం ఎందుకంటే, రేసయ్యాక ‘నేను ముందే అనుకున్నా’ అనని మనిషి మలక్‌పేట మైదానంలో ఇంకా పుట్టలేదు. మౌలాలీలో జరిగే పందాలను ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో తన ప్యాలెస్ పక్కకు, మలక్‌పేటకు మార్పించాడు. ఆనాటి నవాబులు కూడా ఆ మాట అనే ఉంటారు.

రేస్ బుక్కులో గుర్రానికి దక్కేది నాలుగైదు వరసలే. వయసు, తల్లిదండ్రులు, ట్రైనర్, జాకీ, మొయ్యాల్సిన బరువు, స్టార్టింగ్ గేటులో ఎన్నో గడి, కిందటి పరుగుల్లో ఎన్నో స్థానం. కొత్తగా వచ్చినవాడి కన్ను నేరుగా ఆ స్థానాల మీదికి పోతుంది. 1, 2, 1 అని కనబడితే చాలు, జేబు తడుముకుంటాడు. చిన్నాయనకు మాత్రం నాలుగో స్థానమంటే ప్రాణం. “నాలుగు అంటే ఎన్ని రకాల నాలుగులురా అబ్బాయ్!” అనేవాడు. మొదట్నుంచీ ముందుండి ఆఖరి 200 మీటర్లలో చతికిలబడి నాలుగోదైన గుర్రం ఒకటి. మలుపు దగ్గర అందరికంటే వెనకుండి, జనం లేచి నిలబడేసరికి దూసుకొచ్చి, గీత ముందే వచ్చేయడంతో నాలుగోదైనది ఇంకొకటి. రెయిలింగు పక్కన రెండు గుర్రాల వెనక ఇరుక్కుని, దారి దొరక్క, కాళ్లలో బలం మిగిలే నాలుగోదైనది మరొకటి. పేపర్లో అన్నిటికీ ఒకటే అంకె. మొదటిదాన్ని 1000 మీటర్ల రేసులో దించితే గెలుస్తుంది. రెండోదానికి 1600 కావాలి. మూడోదానికి కావాల్సింది కాస్త జాగా, తొందరపడని జాకీ.

తర్వాత పొద్దుటి ప్రాక్టీసు లెక్కలు. ట్రాక్ నోట్స్‌లో ‘600/45’ అని ఉంటుంది. 600 మీటర్లు 45 సెకన్లలో అని. ఆ అంకె కంటే పక్కనుండే రెండు ముక్కలు ముఖ్యం. ‘మూవ్‌డ్ ఈజీ’ అంటే పగ్గం బిగించి ఉంచినా హాయిగా పరిగెత్తిందని, ‘ప్రెస్‌డ్’ అంటే తోలితే తప్ప ఆ టైం రాలేదని. ఒకే 45 సెకన్లు ఒకదానికి షికారు, ఇంకొకదానికి చెమటలు. పైగా ఆ పొద్దున దాని మీద కూర్చున్నది బక్కపల్చటి జాకీయా, బరువైన రైడింగ్ బాయా అన్నది అందులో ఉండదు. తన దగ్గరున్న సరుకంతా పొద్దున్నే ఊరందరికీ చూపించాలన్న సరదా ట్రైనర్‌కు ఉందో లేదో అదీ ఉండదు.

ఇవన్నీ చదివి ఒక గుర్రం దగ్గర ఆగామనుకుంటే, దాని వీపు మీద సీసం పెట్టే మనిషి ఒకడున్నాడు. హ్యాండిక్యాపర్. బాగా పరిగెత్తే గుర్రానికి ఎక్కువ బరువు, సాదా గుర్రానికి తక్కువ బరువు వేసి పందాన్ని సమం చెయ్యడం ఆయన ఉద్యోగం. జాకీ బరువు చాలకపోతే జీను కింద సీసపు బిళ్లలు దోపుతారు. ఇంగ్లండులో 1855లో పబ్లిక్ హ్యాండిక్యాపర్ అయిన అడ్మిరల్ రౌస్ అనే నావికాదళపు పెద్దమనిషి ఈ విద్యకు ఆద్యుడి లాంటివాడు. ఏ వయసు గుర్రం, ఏ నెలలో, ఎంత దూరానికి ఎంత మొయ్యాలో ఆయన వేసిన పట్టిక ఆధారంగానే తర్వాతి పట్టికలన్నీ వచ్చాయి. గుర్రాల మధ్య ఎడాన్ని లెంగ్తుల్లో కొలుస్తారు; లెంగ్త్ అంటే గుర్రం ముక్కు నుంచి తోక దాకా, దాదాపు 2.4 మీటర్లు. అయిదు ఫర్లాంగుల పందెంలో మూడు పౌండ్ల బరువుకు ఒక లెంగ్త్ తేడా వస్తుందనీ, మైలు పందెంలో రెండు పౌండ్లకే వస్తుందనీ, దూరం పెరిగేకొద్దీ ఇంకా తక్కువే చాలనీ అక్కడి పాత లెక్క. గుర్రాలన్నీ ఒకేసారి ముక్కు ముక్కు కలిపి గీత దాటితే హ్యాండిక్యాపర్ జన్మ ధన్యం. అంటే గెలిచేదాన్ని ఎంచడానికి కూర్చున్న నేను, ఎవడూ ఎంచలేకుండా చెయ్యడానికి జీతం తీసుకునే మనిషితో తలపడుతున్నానన్నమాట. చిన్నాయన ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. ఆయనకు తెలియక కాదు, నచ్చక.

నోటుబుక్కు పట్టుకుని మైదానానికి వెళ్లాను. ఒకటో రేసులో అన్నీ కొత్త పిల్లలే. బుక్కులో తల్లిదండ్రుల పేర్లు తప్ప చదవడానికేం లేదు. పోయింది. రెండో రేసు 1400 మీటర్లు. నేను రాసుకున్నది చిన్నాయన మార్కు గుర్రం. కిందటిసారి 1200లో రెయిలింగు పక్కన ఇరుక్కుని నాలుగోదైనది. మలుపు తిరిగాక జాకీ దాన్ని బయటికి లాగాడు. రెండు లెంగ్తులతో గెలిచింది. పక్కనున్న పెద్దాయన నా నోటుబుక్కులోకి తొంగిచూసి, “క్యా బాత్ హై సాబ్” అన్నాడు. ఆ క్షణంలో నా జేబులో డబ్బు పందెం మీద లేనందుకు మా పిన్ని మీద నిజంగానే కోపమొచ్చింది.

అయిదో రేసుకు ముందు ప్యాడాక్ దగ్గరికి వెళ్లాను. రేసుకు ముందు గుర్రాలను గుండ్రంగా నడిపించి చూపించే చోటది. నేను పెన్నుతో రాసుకున్న గుర్రం మెడంతా చెమటతో నల్లబడింది. తొడల మధ్య తెల్లటి నురగ. చెవులు వెనక్కి, నడక పక్కకి. కంచె పట్టుకుని చూస్తున్న వాళ్లలో సగం మంది పందెం కట్టే టోట్ కిటికీల వైపు కదిలారు. అయిదు నిమిషాల్లో బోర్డు మీద దాని ధర, అంటే గెలిస్తే రూపాయికి వచ్చేది, రెట్టింపయింది. నియమం నియమమే కాబట్టి నా నోటుబుక్కులో పేరు అలాగే ఉండిపోయింది. గుర్రం చివరి నుంచి రెండోదిగా వచ్చింది. ఇంట్లో గంటన్నర చదివిన నాకు తెలియనిది, బోర్డుకు అయిదు నిమిషాల్లో తెలిసింది.

ఆ బోర్డు గురించి కొంచెం చెప్పాలి. టోట్‌లో ధర వేసేవాడంటూ ఎవడూ ఉండడు. అందరి డబ్బూ ఒక కుండలో పోసి, క్లబ్బు వాటా, పన్నూ తీసేసి, మిగిలినది గెలిచినవాళ్లకు పంచుతారు. 1867లో పారిస్‌లో జోసెఫ్ ఒల్లెర్ కనిపెట్టిన పద్ధతిది. మూలాన్ రూజ్ అనే నాట్యశాలను తెరిచినవారిలో కూడా ఈయన ఒకడు. జనం జేబులు ఎక్కడ తెరుచుకుంటాయో బాగా ఎరిగినవాడు. బుకీల దగ్గర లెక్క వేరు. ఆరు గుర్రాల రేసులో ధరలు 6/4, 2/1, 4/1, 6/1, 10/1, 20/1 అని ఉన్నాయనుకోండి. వాటిని గెలుపు అవకాశాలుగా మారిస్తే వరసగా 40, 33.3, 20, 14.3, 9.1, 4.8 శాతం. కూడితే 121.5. నిజానికి గెలుపు అవకాశాలన్నీ కలిపి నూరే ఉండాలి. పైనున్న ఇరవై ఒకటిన్నర బుకీ భోజనం. ప్రభుత్వం విస్తరి వేరు. 2025 సెప్టెంబరులో పందాల మీద జీఎస్టీని 28 నుంచి 40 శాతానికి పెంచారు.

ఇంత చదివితే ఉపయోగమేమిటని అనిపించి, అమెరికాలో పాల్ స్లోవిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1973లో చేసిన ప్రయోగం గురించి మళ్లీ చదివాను. గుర్రాల ఎంపికలో చెయ్యి తిరిగిన ఎనిమిది మందికి పాత రేసుల వివరాలిచ్చాడు, గుర్రాల పేర్లు మాత్రం దాచి. మొదట అయిదు వివరాలు, తర్వాత పది, ఇరవై, నలభై. అయిదిచ్చినప్పుడు ఎన్ని సరిగ్గా చెప్పారో నలభై ఇచ్చినప్పుడూ దాదాపు అన్నే చెప్పారు. పెరిగింది ఒకటే, తాము చెప్పినదాని మీద వాళ్లకున్న నమ్మకం. మా చిన్నాయన ఇంకో రేస్ బుక్ కూడా కొనడం మొదలుపెట్టిన ఏడాదే మా పిన్ని గాజులు మార్వాడీ కొట్టుకి వెళ్లాయి.

మరి సుప్రీంకోర్టు 1996లో గుర్రప్పందెం జూదం కాదు, నైపుణ్యపు ఆట అని తీర్పిచ్చింది కదా అని ఎవరైనా అడగొచ్చు. మద్రాసు రేసులను ఆపాలని తమిళనాడు చేసిన చట్టం మీద నడిచిన కేసది. చిన్నాయన ఆ వార్త కత్తిరించి బీరువా తలుపుకు లోపలివైపు అతికించాడు, పిన్నికి ఎదురుగా కనబడేలా. ఆ తీర్పుతో నాకు పేచీ లేదు. నైపుణ్యం ఉంది. ప్యాడాక్ దగ్గర చెమట చూసినవాడిది, పొద్దున్నే చలిలో స్టాప్‌వాచీ పట్టుకున్నవాడిది, నాలుగో స్థానాన్ని చదవగలిగినవాడిది, అందరిదీ డబ్బు రూపంలో బోర్డు మీదికి చేరుతుంది. నేను గంటన్నర చదివి తెలుసుకున్నది, నాకంటే ముందే అక్కడికి చేరిపోయి ఉంది.

ఈ విద్యలో ప్రపంచం ఒప్పుకున్న మొనగాడు బిల్ బెంటర్. లాస్ వెగాస్‌లో పేకముక్కలు లెక్కపెట్టి, అక్కడి క్యాసినోలు రావద్దంటే 1980ల మధ్యలో హాంకాంగ్ చేరి, కంప్యూటర్‌తో గుర్రాలను ఎంచి కోట్లు గడించాడు. ఆయన 1994లో తన పద్ధతి గురించి రాసిన వ్యాసంలో నన్ను పట్టుకున్నది ఒక్క సంగతి. తన కంప్యూటర్ లెక్కకూ బోర్డుకూ పడని చోట తన లెక్కే ఎక్కువగా తప్పుతోందని గమనించి, బోర్డు ధరనే తీసుకెళ్లి తన లెక్కలో ఒక అంకెగా కలుపుకున్నాడు. అంతటివాడు బోర్డు దగ్గర తలవంచాడు. మా చిన్నాయన ఏనాడూ వంచలేదు. “బోర్డు గొర్రెలమంద రా” అనేవాడు.

గాంధీ జయంతి రోజున మలక్‌పేటలో డెక్కన్ డెర్బీ అనే పెద్ద పందెం ఉంటుంది. ఆ రోజు పట్నంలో మందు దొరకదు, పందెం దొరుకుతుంది. ఆ వారం వచ్చిందంటే నేనీ కాలమ్‌లో ఎప్పుడో రేసుల గురించి రాశానని గుర్తుపెట్టుకున్న పాఠకులు ఫోన్ చేసి ‘ఒక్క గుర్రం చెప్పండి సార్’ అంటారు. వాళ్ల కోసం ఆ ఆదివారం లెక్క ఇక్కడే అప్పజెబుతున్నాను. ఎనిమిది రేసుల్లో నేను రాసుకున్నవి గెలిచింది రెండు, రెండో రేసులోనూ ఏడో రేసులోనూ. బోర్డు మీద అన్నిటికంటే తక్కువ ధరున్న ఫేవరెట్లు గెలిచింది మూడు. ఆ మూడింట్లో నా రెండూ ఉన్నాయి.