ఇరవైన్నర గ్రాముల పనితనం

ఈపురుపాలెం లాంటి నేత ఊళ్లో పడుగుకు గంజి పట్టించే పని దగ్గర నిలబడి చూసినవాళ్లకు పాళ్ల విలువ వేరే చెప్పక్కర్లేదు. గంజి పలచనైతే మగ్గం మీద పోగు నిలవదు. చిక్కనైతే బిరుసెక్కి తెగుతుంది. మందుల షాపులో దొరికే ఓఆర్‌ఎస్ పాకెట్టు గురించి రాయాలనుకున్నప్పుడు నాకు మొదట ఈ గంజే గుర్తొచ్చింది. ఆ పాకెట్టు కూడా పాళ్ల మీద బతికే వస్తువు.

పాకెట్టు చింపి పొడిని కాగితం మీద పోస్తే తెల్లగా, ఏ ప్రత్యేకతా లేకుండా కనిపిస్తుంది. లీటరు నీళ్లకు సరిపోయే ఆ పొడిలో అసలు సరుకు 20.5 గ్రాములు. అందులో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, ట్రైసోడియం సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడ్ 1.5. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 2002లో ఖాయం చేసిన లెక్క ఇది.

నీళ్ల విరేచనాలు పట్టుకున్న బిడ్డకు ఉత్త నీళ్లు తాగిస్తే పేగు వాటిని సరిగా పట్టుకోలేదు. ఉప్పునీళ్లు ఇచ్చినా పెద్దగా తేడా ఉండదు. అయితే పేగు గోడలో ఒక దారి ఉంది. సోడియం, గ్లూకోజు జంటగా వస్తేనే అది తెరుచుకుంటుంది. ఆ జంట లోపలికి పోతే నీళ్లు వాటి వెంటే పోతాయి. కలరా సోకినా ఈ దారి మూసుకుపోదు. అది ఎలా పనిచేస్తుందో 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ప్రాగ్ నగరంలో జరిగిన సభలో వివరించాడు.

పాత ఫార్ములాలో గ్లూకోజూ ఉప్పూ ఇంకా ఎక్కువ ఉండేవి. ద్రావణం గాఢత (ఆస్మోలారిటీ) లీటరుకు 311 మిల్లీఆస్మోల్స్ ఉంటే, 2002లో దాన్ని 245కి దించారు. లీటరులో సోడియం 75 మిల్లీమోల్స్, గ్లూకోజు 75 మిల్లీమోల్స్, సరిసమానం. ఇలా తగ్గించడంతో సెలైన్ ఎక్కించాల్సిన అవసరం మూడోవంతు తగ్గింది, వాంతులూ తగ్గాయి. తీపి మితిమీరితే పేగు ఒంట్లోని నీటిని తనవైపు లాక్కుంటుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఏమి వేయాలో తెలియడం కంటే ఎక్కడ ఆపాలో తెలియడమే కష్టమైన విద్య. ఈ పొడి చేసినవాళ్లు ఆ విద్య నేర్చినవాళ్లు.

నాకు బాగా నచ్చిన మార్పు మాత్రం సిట్రేట్. మొదట్లో దాని స్థానంలో వంటసోడా వేసేవారు. వేడికీ తేమకీ అది గ్లూకోజుతో కలిసి రంగు మారేది, గడ్డకట్టేది. చినగంజాం ఉప్పు వాడుకునే మన తీరంలో వానాకాలం డబ్బాలో ఉప్పు ఎలా చెమ్మగిల్లుతుందో ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఆరోగ్య ఉపకేంద్రం బీరువాలో, ఆశా కార్యకర్త సంచిలో నెలల తరబడి ఉండాల్సిన పొడికి ఆ చెమ్మే శత్రువు. 1980లలో సిట్రేట్ వచ్చాక పొడి నిల్వ ఉండసాగింది.

వంటసోడా రోజుల్లోనే, 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా చెలరేగినప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బొన్‌గావ్‌లో సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం కలకత్తాలో గ్లూకోజు, ఉప్పు, వంటసోడా తూచి, ప్లాస్టిక్ సంచుల్లో పోసి, వేడి ఇస్త్రీపెట్టెతో అంచులు అతికించి పంపింది. శిబిరంలో అయినవాళ్లే రోగులకు తాగించారు. అంతకుముందు ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు పడిపోయాయి. ఆయనకు పద్మవిభూషణ్ 2023లో, మరణానంతరం వచ్చింది.

మన దగ్గర ఎఫ్‌డీసీ కంపెనీ ఎలక్ట్రాల్ ఎంతగా అలవాటైందంటే, ఏ కంపెనీ పాకెట్టైనా జనం "ఎలక్ట్రాల్ పొడి" అనే అడుగుతారు. బంగ్లాదేశ్‌లో లాభాపేక్ష లేని సోషల్ మార్కెటింగ్ కంపెనీ ఓర్‌సలైన్-ఎన్ అమ్ముతుంది, మిగులును ఆరోగ్య పనులకే వాడుతుంది. దాని పాకెట్టు అర లీటరుకు సరిపోతుంది. పాకెట్టు కొలత ఇంట్లో ఉండే పాత్రకు దగ్గరగా ఉండటం చిన్న సంగతేమీ కాదు. మన ఇళ్లలో లీటరు పాకెట్టులో సగం పొడిని గ్లాసెడు నీళ్లలో కలిపేవాళ్లున్నారు. అలా చేస్తే ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రాణాపాయం. అదే బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుంచి పదేళ్లపాటు 1.2 కోట్లకు పైగా ఇళ్లకు వెళ్లి, మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర లీటరు నీళ్ల లెక్క నేర్పింది. తల్లి ఎంత బాగా గుర్తుపెట్టుకుందో చూసి నేర్పినవాళ్లకు జీతం ఇచ్చింది. పని బాగా జరిగిందో లేదో కొలవడానికి ఇంతకన్నా నిజాయితీగల పద్ధతి నాకు తెలియదు.

మన అమ్మమ్మల ఉప్పు గంజి కూడా ఈ కుటుంబానిదే. బియ్యపు పిండిపదార్థం పేగులో మెల్లగా గ్లూకోజుగా మారుతుంది కనుక ఒక్కసారిగా తీపి భారం పడదు. బియ్యంతో చేసిన ఓఆర్‌ఎస్ కలరాలో బాగా పనిచేస్తుందని పరిశోధనలు తేల్చాయి.

ఇంత జాగ్రత్తగా తూచిన వస్తువు పేరును తీపి పానీయాలు పెట్టుకుని అమ్ముడుపోతుంటే హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఊరుకోలేదు. దాదాపు ఎనిమిదేళ్లు పోరాడారు. 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఏ ఆహార పానీయం పేరులోనూ ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. నా దృష్టిలో ఈ రంగంలో బాధ్యత గల కంపెనీని గుర్తించడానికి ఒకటే గుర్తు: తూకం మార్చదు, రుచి కోసం చక్కెర పెంచదు.

పాకెట్టు కొనేముందు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చదవండి. ఎన్ని నీళ్లు పోయాలో దానిమీదే రాసి ఉంటుంది. పొడి మొత్తం ఒకేసారి, కాచి చల్లార్చిన అన్ని నీళ్లలోనే కలపండి. చెంచాతో కొద్దికొద్దిగా తాగించండి, తల్లిపాలు ఆపకండి. జింకు మాత్రలు డాక్టరు చెప్పినన్ని రోజులూ వేయండి. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. 24 గంటలు దాటాక మిగిలిన నీళ్లు పారబోసి, కొత్త పాకెట్టు కలపండి.