కబురు చాలు, జబ్బు పేరెందుకు?

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో తరతరాలుగా తెలుగు కుటుంబాలున్నాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే నాడు పనికోసం వచ్చినవారి సంతతి ఇది. ఇక్కడ తెలుగు తప్ప చదవలేని ఒక పెద్దాయన ఫోన్‌కు ఆస్పత్రి నుంచి ఇంగ్లీషులో సందేశం వచ్చిందనుకోండి. పక్కింటి కుర్రాణ్ణి చదివి పెట్టమంటాడు. అందులో "క్షయ పరీక్షకు రండి" అని ఉంటే? సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది.

గుర్తు చేయడం తప్పు కాదు. క్షయకు సాధారణంగా ఆరు నెలలు మందు వాడాలి. మధ్యలో మానేస్తే జబ్బు మొండికెత్తుతుంది. కానీ పిలవడానికి తేదీ, సమయం, ఫోన్ నెంబరు చాలవా? విభాగం పేరు రాసినా ఒక్కోసారి జబ్బు పేరు చెప్పినట్టే.

వైద్యుడు రోగి రహస్యాన్ని బయటపెట్టరాదని భారత వైద్య మండలి 2002 నియమావళి చెబుతోంది. కోర్టు ఉత్తర్వు, ఇతరులకు తీవ్ర ప్రమాదం, ప్రభుత్వానికి తెలపవలసిన వ్యాధులు మాత్రమే మినహాయింపులు. క్షయ 2012 నుంచి అలాంటి వ్యాధే. అయితే తెలపవలసింది ప్రభుత్వానికి, పక్కింటికి కాదు!

ఈసారి ఆస్పత్రిలో చీటీ రాయించుకునేటప్పుడు మీరే అడగండి: కబురు ఎవరి ఫోన్‌కు, ఏ భాషలో, ఏమని పంపుతారు?