ఖైదీల ఓటు – మన జైలు సాహిత్యం

తెలుగు సాహిత్యంలో జైలుకు గొప్ప పరువు వున్నది. ఒకప్పుడు జైలుకు పోయిరావటం కవికైనా నాయకుడికైనా పట్టాభిషేకం వంటిది. మా బందరు సంగతే చూడండి. ఈ వూళ్ళో వైద్యం చేసిన పట్టాభి సీతారామయ్యగారు 1942 తరువాత అహమదునగరు కోటలో బందీగా వుండి అక్కడ రాసుకున్నది బయటికి వచ్చాక పుస్తకంగా ఇచ్చారు. నిజామాబాదు జైలుగోడ మీద దాశరథి బొగ్గుతో పద్యం రాసిన కథ చెప్పని తెలుగు అధ్యాపకుడు వుండడు. నేనూ ఏటా చెప్తాను. చెప్పినప్పుడల్లా పిల్లల కళ్ళు మెరుస్తాయి.

కాని ఈ పరువంతా ఎవరిది? రాజకీయ ఖైదీది. అదే జైల్లో పక్క బ్యారక్‌లో కోడిని దొంగిలించినవాడు, కల్లు తాగి తల పగలగొట్టినవాడు, అసలేమీ చెయ్యకుండానే పట్టుబడినవాడు వున్నారు. మన సాహిత్యం వాళ్ళను చూడలేదనటం అన్యాయం. చూసింది, జాలిపడింది, వాళ్ళ భాషను హాస్యానికి వాడుకున్నది. అయితే వాళ్ళను పౌరులుగా ఎంచిందా? ఈ ప్రశ్నను పుస్తకాల్లో వెతికేముందు చట్టంలో వెతకటం మంచిది. ఈ విషయంలో మన చట్టమూ మన సాహిత్యమూ ఒక తల్లి బిడ్డలే.

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 62వ సెక్షను 5వ ఉపవిభాగం చెప్పేదేమంటే, జైల్లో వున్నవాడెవడూ ఏ ఎన్నికలోనూ ఓటు వెయ్యరాదు. శిక్ష పడినవాడూ, శిక్ష పడకుండా విచారణ కోసం కాచుకున్నవాడూ, పోలీసుల అదుపులో వున్నవాడూ అందరూ ఇందులో వస్తారు. ద్వీపాంతరవాసానికి పోయినవాడు కూడా. ఆ శిక్ష 1955లోనే పోయినా ఆ మాటను సెక్షనులోనుంచి తీసెయ్యాలని ఇంతవరకు ఎవరికీ తోచలేదు! ఒక్కరికి మాత్రం మినహాయింపు వున్నది. ముందుజాగ్రత్త నిర్బంధంలో, అంటే నేరారోపణా విచారణా లేకుండా డిటెన్యూగా వున్నవాడికి ఓటు వున్నది. ప్రభుత్వం అతని పేరు రిటర్నింగు అధికారికి తెలియజెయ్యాలి, తపాలా బ్యాలటు జైలుకు రావాలి.

ఇది ఎందుకిలా వున్నదో వూహించటం కష్టం కాదు. రాజ్యాంగసభలోనూ తాత్కాలిక పార్లమెంటులోనూ కూర్చున్నవారిలో జైలు అన్నం తిననివారు తక్కువ. పట్టాభిగారూ రాజ్యాంగసభ సభ్యులే. జైలు అనగానే వారికి తమ జైలే గుర్తుకు వచ్చివుంటుంది. అభిప్రాయాల కోసం నిర్బంధించబడ్డవాడి ఓటును కాపాడాలని తోచటం వారికి సహజం. పక్క బ్యారక్‌ వాడు ఆ వూహలోకి రాలేదు. మన జైలు సాహిత్యంలోకి అతను ఎందుచేత సగమే వచ్చాడో దీన్నిబట్టి అర్థమవుతుంది.

‘సగమే’ అన్నందుకు సాక్ష్యం చూపాలి. ‘మాలపల్లి’ని తీసుకుందాం. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో జైల్లో రాసిన నవల అది, మద్రాసు ప్రభుత్వం నిషేధించిన నవల. రామదాసు కొడుకులు ఇద్దరు. సంగదాసు కూలీలను కూడగట్టి చౌదరయ్య చేతిలో చచ్చిపోతాడు. వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడన్న పేరు పెట్టుకుని ధనికులను దోచి పేదలకు పంచుతాడు. పెద్దవాడు బందిపోటు, చిన్నవాడు అమరుడు. ఇద్దరిదీ ఒకే గుడిసె, ఒకే ఆకలి. ఉన్నవగారి ప్రతిభ అక్కడ వున్నది. ఆయన రాజకీయాన్నీ నేరాన్నీ ఒక కడుపున పుట్టించాడు. ఆ నవల జైలును కూడా వూరికే వెనక తెరగా వాడుకోలేదు.

కాని మనం పాఠం ఎలా చెప్తాం? నేను చదువుకున్న రోజుల్లోనూ ఇప్పుడు నేను చెప్పే తరగతిలోనూ పరీక్షప్రశ్న సంగదాసు మీద వస్తుంది. జగ్గడి మీద వస్తే ‘నవలలో సాహస ఘట్టాలు’ అని వస్తుంది. రచయిత కలిపినదాన్ని విమర్శకులం విడదీశాం. సంగదాసును మన వాడన్నాం, జగ్గడిని పోలీసులకు వదిలేశాం.

ఈ దారిన పోనివారు వట్టికోట ఆళ్వారుస్వామి. నిజాం కాలంలోనూ ఆ తరువాతా జైళ్ళు చూసిన మనిషి. ‘జైలు లోపల’ కథలలో ఆయన తన త్యాగాన్ని గురించి రాసుకోలేదు. పక్కన వున్న మామూలు ఖైదీలను కూర్చోబెట్టి వాళ్ళెలా అక్కడికి వచ్చారో విన్నాడు. ఇది చిన్న విషయం కాదు. ‘నేను వేరు, వీడు వేరు’ అన్న గీత జైల్లో రాజకీయ ఖైదీకి ఆత్మరక్షణ. ప్రత్యేక తరగతీ పుస్తకాలూ ఉత్తరాలూ ఆ గీత మీదనే ఆధారపడివుంటాయి. ఆ గీతను చెరపటానికి ధైర్యం కావాలి. ‘జైలు లోపల’ను ‘ప్రజల మనిషి’కి అనుబంధంగా చూడటం మన అలవాటు. నా దృష్టిలో ఆ చిన్న కథలు నవలకంటె ముందుకు పోయాయి. ఆళ్వారుస్వామి వేసిన దారిలో తరువాతి జైలు రచయితలు ఎక్కువమంది నడవలేదు. వారి జైళ్ళు ఉత్తరాలతో, జ్ఞాపకాలతో, సిద్ధాంతాలతో నిండివున్నాయి. ఆ రచనల విలువను తగ్గించటం నా వుద్దేశం కాదు. కిటికీలోంచి ఆకాశం కనిపించినంత బాగా వాటిలో పక్కవాడు కనిపించడనే నా ఫిర్యాదు.

ఆ గీత అంత స్థిరమైనదైనా ఒక సుఖం. కాదు. కృష్ణా డెల్టాలో పుట్టినవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర లేదు. చల్లపల్లి జమీందారీ భూముల మీద కూలీలు, కౌలుదార్లు హక్కు అడిగిన రోజులు మన పెద్దల నోట విన్నాం. అటువంటి చోట పంట కోస్తే దొంగతనం, పొలంలో దిగితే అక్రమప్రవేశం, నలుగురు కలిసి అడ్డం నిలబడితే దొమ్మీ. ఉద్యమాన్ని నడిపిన నాయకుడు నిర్బంధపుటుత్తరువు కింద పోతే డిటెన్యూ. ఆ మాట నమ్మి కొడవలి పట్టినవాడు శిక్షాస్మృతి కింద పోతే దొంగ. 1949లో కాటూరు, ఎలమర్రు గ్రామాల్లో పోలీసులు జనాన్ని బట్టలూడదీసి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పినప్పుడు ఎవరు రాజకీయులు, ఎవరు మామూలువారు అని విచారించి తిప్పలేదు. మూడేళ్ళు తిరగకుండా ఆ జనమే బందరు, గుడివాడ లోక్‌సభ స్థానాలు రెంటినీ కమ్యూనిస్టులకిచ్చారు. బెజవాడలో వారి మద్దతుతో కవి హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ నెగ్గారు. ఆ 1952 ఎన్నికను మనం పాటగా పాడుకుంటాం. ఆ పోలింగునాడు దొంగతనం కేసులో, దొమ్మీ కేసులో లోపలున్న వ్యవసాయకూలీకి ఆ పాటలో చరణం లేదు. మనిషి రాజకీయ ఖైదీయా నేరస్తుడా అన్నది అతను చేసిన పని తేల్చదు. స్టేషనులో కూర్చుని కేసు రాసేవాడు ఎంచుకున్న సెక్షను తేలుస్తుంది. అంటే ఓటును కూడా ఆ కలమే తేలుస్తున్నదన్నమాట.

ఇటీవలి ముచ్చట ఇంకొకటి. 2012 జూలై 19న రాష్ట్రపతి ఎన్నిక జరిగింది. అప్పటి కడప లోక్‌సభ సభ్యుడు జగన్మోహనరెడ్డిగారు చంచల్‌గూడ జైల్లో విచారణఖైదీగా వున్నారు. ఆయనను జైలునుంచి శాసనసభకు తీసుకువచ్చి ఓటు వేయించి మళ్ళీ జైలుకు తీసుకుపోయారు. రాష్ట్రపతి ఎన్నిక చట్టం వేరు కనుక అది కుదిరింది. నేను దాన్ని తప్పు పట్టటం లేదు, అది సబబే. ఆయనకు కుదిరినది అదే జైల్లో ఆయన పక్కన నీళ్ళు పట్టుకున్న మరో విచారణఖైదీకి తన సర్పంచిని ఎన్నుకోవటానికి ఎందుకు కుదరదని మాత్రమే నా ప్రశ్న. 2013లో సుప్రీంకోర్టు, ఓటు వెయ్యలేనివాడు పోటీ కూడా చెయ్యరాదన్నది. పార్లమెంటు ఆ ఏడే చట్టాన్ని సవరించి ఆ తీర్పు దెబ్బను తప్పించుకున్నది: జైల్లో వున్నంతమాత్రాన ఓటరు కాకుండా పోడు, కాబట్టి నిలబడవచ్చు, ఓటు మాత్రం వెయ్యరాదు. 2024లో జైల్లోనుంచే నిలబడి లోక్‌సభకు నెగ్గినవారు వున్నారు. నిలబడేవాడికి అవసరమైనంత మేరకు చట్టం వంగింది. వేసేవాడి దగ్గరికి వచ్చేసరికి నిటారుగా నిలబడింది.

ఈ నిషేధం చెల్లుతుందని సుప్రీంకోర్టు 1997లో తీర్పు చెప్పింది. తన నడవడి వల్ల జైలుకు పోయినవాడు బయటివాడితో సమానమైన స్వేచ్ఛ అడగరాదనీ, జైళ్ళలో ఓటింగుకు పోలీసు బలగం, ఏర్పాట్లు ఎక్కువ కావాలనీ, నేరస్తులను ఎన్నికలకు దూరంగా వుంచాలనీ దాని సారాంశం. మొదటి కారణం విచారణఖైదీకి అంటదు. అతని నడవడి ఏమిటో ఇంకా తేలలేదు గదా. 2022 చివరకు దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది వుంటే వారిలో 4,34,302 మంది విచారణఖైదీలే. రెండో కారణానికి జవాబు చట్టంలోనే వున్నది. డిటెన్యూ గదికి వచ్చే తపాలా బ్యాలటు పక్క గదికి రావటానికి పటాలం అక్కర లేదు. 2024లో 85 ఏళ్ళు దాటినవారి ఇళ్ళకు పోలింగు సిబ్బంది పెట్టె పట్టుకుని పోయారు. ఖైదీ ఎక్కడ వుంటాడో ప్రభుత్వానికి అంతకంటె బాగా తెలుసు. మూడో కారణం వినటానికి బాగుంటుంది. కాని బెయిలు తెచ్చుకున్న నేరస్తుడు ఎన్నికల్లో ఓటూ వేస్తాడు, డబ్బూ పంచుతాడు. దూరంగా వుండేది బెయిలు తెచ్చుకోలేనివాడే. దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 1999లో ఖైదీల ఓటును నిలబెట్టింది. కెనడా సుప్రీంకోర్టు 2002లో నిషేధాన్ని కొట్టేసింది. నేరస్తుడి ఓటును 1870 చట్టంతో తీసేసిన ఇంగ్లండును 2005లో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం తప్పుపట్టింది. మనం ఇంకా ఆ పాత ఇంగ్లండు కోటునే తొడుక్కుని వున్నాం.

ఇంతవరకు మనకు సులువైన సంగతి. ఇక కష్టమైనది. కృష్ణ దాటి తెనాలి వైపు పోతే చుండూరు వున్నది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవం వేసింది. వాళ్ళకూ ఓటు వుండాలా? ఒక విద్యార్థి తరగతిలో నన్ను నిలబెట్టి అడిగాడు. అప్పుడు నేను తడబడ్డాను. ఇప్పుడు జవాబు చెప్తాను: వుండాలి. ఓటు మంచితనానికిచ్చే బహుమతి కాదు. అయితే గ్రామాల్లో సగంమంది భూస్వాములకు అది వుండకూడదు. అంతకంటె, ఆ నిషేధం ఎవరిమీద పడుతుందో లెక్క చూడాలి. చుండూరు ముద్దాయిలను 2014 ఏప్రిల్లో హైకోర్టు నిర్దోషులుగా వదిలింది. ఈ నిషేధం ఆ చనిపోయినవారికి ఏ న్యాయమూ చెయ్యలేదు. అమలాపురంలో పుట్టిన సాయిబాబా నాగపూరు జైల్లో 2019 ఎన్నిక నాడు ఓటు లేని దోషి. 2024 మార్చిలో నిర్దోషి. ఆ అక్టోబరులో చనిపోయాడు. పోయిన ఓటును ఏ తీర్పూ వెనక్కి తేలేదు. ‘జగన్నాథుని రథచక్రాలు’ కంఠస్థం చేసిన మనం, ఆ పిలుపు ఎవరిని పిలిచిందో మరిచిపోయి జైలు గేటు దగ్గర మనుషులను ఏరుకోవటం మొదలుపెడితే, శ్రీశ్రీని సభల్లో పాడటం మానెయ్యటం మంచిది.

ఆ తడబడ్డ రోజు సాయంత్రం వెనక బెంచీ కుర్రాడొకడు స్టాఫురూముకు వచ్చి, “మాస్టారూ, మా నాన్న కూడా ఎలక్షన్లప్పుడు లోపలే వున్నాడండీ,” అన్నాడు. దివిసీమ వాళ్ళు. ఎకరం కౌలు. పక్కన రొయ్యల చెరువునుంచి ఉప్పునీరు వరిలోకి దిగితే గట్టు దగ్గర మాటా మాటా పెరిగి కర్రలు లేచాయి. రెండు వైపులా కేసులు పెట్టారు. చెరువు యజమాని మూడో రోజుకు బయటికి వచ్చాడు. ఈయనకు జామీను నిలబడటానికి ఆస్తి పత్రం వున్న మనిషి దొరకలేదు. 2024 మే 13న పోలింగు. చెరువు యజమాని బూతు ముందు టెంటు కింద కూర్చుని ఓటర్లకు మజ్జిగ పోయించాడట. ఈయన సబ్‌జైల్లో వున్నాడు.

తరువాత నేను ఆ కుర్రాడితో వాళ్ళ వూరు పోయాను. అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చారు. నేను పట్టణపు చదువుకున్నవాడి పద్ధతిలో, ఓటు లేకపోవటం మీకు బాధ అనిపించిందా అని అడిగాను. ఆయన నన్ను కాసేపు చూశాడు.

“బాధకేముందిలే మాస్టారూ, అక్కడ దోమలు కూడా వున్నాయి,” అన్నాడు. తరువాత కొంచెం ఆగి, “సాయంత్రం ఆరింటికి వార్డరుబాబును అడిగాను, మావైపు ఎంత పోలయింది బాబూ అని. నీకెందుకురా అన్నాడు,” అన్నాడు.