యోబు వినయము: తెలుగు పాఠముపై ఒక పరిశీలనము

క్రైస్తవ ప్రసంగములలో యోబు ఓర్పునకు మారుపేరు. క్రొత్త నిబంధనలోని యాకోబు పత్రిక అతని సహనమును పేర్కొన్నది మొదలు ఆ కీర్తి స్థిరపడినది. కాని యోబు గ్రంథమును మొదటి రెండధ్యాయములతో ముగింపక చదివినవారికి అందు ఓర్పుకంటె వాదమే మిక్కుటముగా కనబడును. మూడవ అధ్యాయమున అతడు తాను పుట్టిన దినమును శపించును. పిమ్మట దేవునితోనే వ్యాజ్యెమాడ గోరును. ఇట్టివాడు తుదకు దైవజ్ఞానము నెదుట తల వంచెను. ఆ వంచుట యెట్టిది? తప్పు ఒప్పుకొనిన అపరాధి దైన్యమా, ఎదుటివాని బలిమికి జంకిన దుర్బలుని మౌనమా, లేక వేఱొకటియా? ఈ ప్రశ్నకు చెప్పుకొను సమాధానమును బట్టియే కష్టమున నున్న మనుష్యునితో మతము మాటలాడు తీరు ఏర్పడుచుండుటచే, దీనిని కేవలము పండితుల చర్చగా ఎంచరాదు.

యోబును పరామర్శింప వచ్చిన స్నేహితులు మువ్వురు: ఎలీఫజు, బిల్దదు, జోఫరు. వారు ఏడు పగళ్లును ఏడు రాత్రులును నేలపై అతనిచెంత కూర్చుండి ఒక్క మాటయైన పలుకలేదు. వారు చేసిన పనులలో మెచ్చదగినది ఇదియే. నోరు తెఱచినది మొదలు వారి తర్కమంతయు ఒక్క సూత్రముపై నడచును: దేవుడు న్యాయవంతుడు, పాపికి శిక్ష తప్పదు, యోబు బాధపడుచున్నాడు, కావున యోబు పాపి. తెలుగు పాఠకునకు ఈ తర్కము క్రొత్తది కాదు. ‘ఏ జన్మమున ఏమి పాపము చేసెనో’ యను మాట ఊరి అరుగులమీద వినబడునదే. ఎలీఫజునకు జన్మాంతరముల ఊసు లేదు, అంతే భేదము. వీరిలో జోఫరు మాటలు ప్రత్యేకముగ పరిశీలింపదగినవి. పదునొకండవ అధ్యాయమున అతడు దైవజ్ఞానపు లోతును గూర్చి ఎంతయు గంభీరముగ ఉపన్యసించును. అది ఆకాశమున కందనిది, పాతాళమున కందనిది యనును. కాని ఆ మాటకు ముందటి మాటలోనే, యోబునకు పడిన శిక్ష అతని దోషమునకు తగినదానికంటె తక్కువయే యని లెక్క కట్టి చెప్పినాడు. లోతు తెలియరాదన్న నోటనే లోతు తెలిసినట్లు తీర్పు చెప్పుట! వినయవాక్యములు పలుకుటకును వినయమునకును గల దూరమును ఇంత క్లుప్తముగ చూపిన ఘట్టము అరుదు.

ఇరువది యెనిమిదవ అధ్యాయము ఈ వాదోపవాదముల నడుమ వేఱొక గొంతుతో వినవచ్చును. అది మొదట స్వతంత్రగీతమై యుండునని పలువురు విమర్శకుల అభిప్రాయము. అందలి వస్తువు గని త్రవ్వకము. మనుష్యుడు జనసంచారమునకు దూరముగ భూమిని తొలిచి, త్రాళ్లకు వ్రేలాడుచు చీకటిలోనికి దిగును. డేగ కన్నెఱుగని త్రోవలో నీలరత్నములను వెదకి తెచ్చును. ఇంత నేర్పరికి జ్ఞానముండు చోటు మాత్రము తెలియదు. అగాధమును సముద్రమును తమలో లేదనును; ఓఫీరు బంగారమునకు అది సరిపోలదు. మనుష్యుని నేర్పును కించపఱుపకయే దాని మేరను చూపుట ఈ గీతమునకు అందము. అధ్యాయము చివర జ్ఞానమనగా దైవభీతియే యని చెప్పునపుడు హీబ్రూ మూలమున ‘భయము’ అను అర్థముగల ఒక్క పదమే కలదు. తెలుగు అనువాదకులు ‘భయభక్తులు’ అను జంటపదమును గైకొనిరి. పెద్దలయెడ, గురువులయెడ ఉండదగిన నడవడికి తెలుగువారు ఇంటింట వాడు మాట యిది. వట్టి వణకు కాక, చనువును హద్దును కలిసిన భావ మిందు పలికినది. అనువాదము మూలమునకు వన్నె తెచ్చిన చోట్లలో ఇది యొకటి.

సుడిగాలిలోనుండి దేవుడు పలికిన పలుకులు ముప్పది యెనిమిదవ అధ్యాయము మొదలు నాలుగధ్యాయములు. యోబు అడిగినది తన బాధకు కారణము. ఆ కారణము అందెచ్చటను లేదు. పరలోకమున జరిగిన పందెము పాఠకునకు తెలియును గాని, యోబునకు గ్రంథాంతమువఱకును తెలియదు. దేవుడు ప్రత్యుత్తర మీయక ప్రశ్నలే వేయును: భూమికి పునాది వేసిననాడు ఎక్కడ నుంటివి? కృత్తికలను బంధింపగలవా? కొండమేకలు ఈను కాలము నెఱుగుదువా? మనుష్యుడే లేని ఎడారిలో వాన కురిపించువా డెవడు? ఈ చివరి ప్రశ్నలో గ్రంథకర్త హృదయము కలదని తోచును. ఎవరికిని పనికిరాని చోట కురియు వాన మనుష్యుని కొలతకు లొంగని జ్ఞానమునకు గుర్తు. నీటిగుఱ్ఱమును మకరమును వర్ణించు ఘట్టములు మాత్రము కొంత దీర్ఘములు. అందు ఆశ్చర్యముకంటె బలప్రదర్శనమే ముందునకు వచ్చుటచే, యోబు జంకి ఊరకుండెనను వ్యాఖ్యకు అవకాశము కలిగినది.

ఆ వ్యాఖ్యకు ముఖ్యాధారము నలువది రెండవ అధ్యాయపు ఆఱవ వచనము. ప్రచారముననున్న తెలుగు పాఠమున యోబు తన్ను తాను అసహ్యించుకొని, ధూళిబూడిదలలో పడి పశ్చాత్తాపపడును. హీబ్రూ మూలమున అసహ్యించుకొను క్రియకు కర్మ లేదు. ‘తన్ను తాను’ అనునది పూరణము. ఈ పూరణము తెలుగువారు కల్పించినది కాదు, ప్రాచీన గ్రీకు అనువాదముననే కలదు. రెండవ క్రియ పశ్చాత్తాపమును తెలుపునట్లే ఊరటనుగూడ తెలుపును. స్నేహితులు యోబును ఓదార్ప వచ్చిరన్నచోట వాడినది ఆ ధాతువే. ‘పడి’ యను మాటకు మూలమున క్రియయే లేదు. అందలి విభక్తి ‘మీద’ యనియు ‘గూర్చి’ యనియు అర్థ మిచ్చును. మఱియు ‘ధూళియు బూడిదయు’ అను జంట హీబ్రూ వేదమున మూడే చోట్ల కలదు. రెండు ఈ గ్రంథముననే. మూడవది ఆదికాండమున, సొదొమ పట్టణము కొఱకు దేవునితో బేరమాడుచు అబ్రాహాము తన్నుగూర్చి చెప్పుకొన్నచోట. ధూళినని ఒప్పుకొనుచునే అబ్రాహాము వాదము మానలేదు. కావున యోబు వదలుకొన్నది ఆత్మగౌరవమని నిర్ధారింప వీలులేదు. అంతకు మూడు వచనములు ముందు అతడు స్పష్టముగ ఒప్పుకొన్నది తనకు తెలియని సంగతులను పలికితినని. అది తెలియమి గాని నేరము కాదు.

తెలుగు క్రైస్తవ కీర్తనలలో ఈ భేదము తగినంత ప్రకటము కాలేదు. నేటి ఒడిశాలోని పర్లాకిమిడి ప్రాంతమున పుట్టి, 1833లో కటకమున బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌధరి (1803–1890) కీర్తనలు నేటికిని దేవాలయములలో పాడబడుచున్నవి. ‘త్రాహిమాం’ అని మొఱపెట్టు ఆయన గొంతులో వైష్ణవుల నైచ్యానుసంధానము క్రైస్తవమై పలికినది. ఆ దైన్యము నిష్కపటము, మధురము. అయినను అది పాపి దైన్యము. యోబు నిర్దోషియని గ్రంథము మొదటి వచనముననే చెప్పినది. నిర్దోషికి తగిన వినయము మన కీర్తనలలో పెద్దగా పెంపొందలేదు. దానికి తెలుగున పూర్వచ్ఛాయ లేకపోలేదు. గోలకొండ చెఱసాలలో కంచర్ల గోపన్న తాను చేయించిన నగలను ఒక్కొక్కటి లెక్కపెట్టి, ఆ సొమ్ము ఎవరు పెట్టిరని రాముని నిలదీసెను. బాధ తాళలేక తిట్టితినని పిదప తానే నొచ్చుకొనెను. నిలదీయుటయు శరణుజొచ్చుటయు ఒక్క నోటనే ఇముడునని ఎఱిగిన జాతికి యోబును వట్టి ఓర్పుగా బోధించుట లోభమే యగును.

పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో, లోకజ్ఞానుల యుక్తిలోనే దేవుడు వారిని పట్టుకొనునని చెప్పుచు యోబు గ్రంథమునుండి ప్రమాణము చూపెను. ఆ వాక్యము యోబుది కాదు, ఎలీఫజుది. మాట సత్యమే, పుండ్లతో బూడిదలో కూర్చున్నవానిపై దానిని విసరుటయే అసత్యమైనది. కావుననే గ్రంథాంతమున దేవుని కోపము వాదించిన యోబుపైగాక, దేవుని పక్షమున వాదించితిమనుకొన్న మువ్వురిపై రగులును. తన్నుగూర్చి యోబువలె వారు యుక్తమైనది పలుకలేదని దేవుడే చెప్పెను. ఏడు ఎడ్లను ఏడు పొట్టేళ్లను తీసికొని వారు యోబునొద్దకు పోవలెను. అతడు వారి నిమిత్తము ప్రార్థింపవలెను. వారు పోయిరి, ఆజ్ఞాపించినట్లు చేసిరి. అంతవఱకు అధ్యాయములకొలది పలికినవారు ఆనాడు యోబుతో ఏమనిరో గ్రంథము చెప్పదు.