ఎనిమిదో వంతు తిప్పులో

పాతకాలపు కథతో తీసే సినిమాలో బుల్లెట్ బండికి పెద్ద పనేమీ ఉండదు. ఒక్క కిక్కుకి లేవాలి. డైలాగు అయ్యేదాకా నిలబడి డుగుడుగుమనాలి. కెమెరా బండి పక్కన నడక వేగంతో కదలాలి. ఈ మూడూ యాక్సిలరేటర్ మొదటి ఎనిమిదో వంతు తిప్పులోనే జరిగిపోతాయి. అందుకే హైదరాబాద్ యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ సందుల్లోంచి షూటింగుకి వెళ్లే పాత బండికి, కార్బొరేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే జెట్లలో మెయిన్ జెట్ కన్నా స్లోని చూసే పైలట్ జెట్టే ముఖ్యం.

350 బుల్లెట్‌కి చాలా ఏళ్లు వచ్చిన కార్బొరేటర్ మిక్‌కార్బ్ వీఎం24. ఆ 24 గాలిదారి వ్యాసం, మిల్లీమీటర్లలో. అందులో పంపు లేదు. ఇంజిన్ పీల్చే గాలి ఇరుకుదారిలో వేగం పుంజుకుంటే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. కింది గిన్నెలోని పెట్రోలును బయటి గాలే పైకి తోస్తుంది. ఎంత రావాలో నాలుగు భాగాలు వంతులవారీగా తేలుస్తాయి: స్లోలో పైలట్ జెట్, కాస్త తిప్పగానే యాక్సిలరేటర్‌తో పైకి లేచే స్లైడ్ అంచున ఏటవాలుగా కోసిన కోత, పావు నుంచి ముప్పావు దాకా స్లైడ్‌కి వేలాడే నీడిల్, ఆపైన మెయిన్ జెట్. ఒకటి పూర్తిగా తప్పుకోకముందే ఇంకోటి అందుకుంటుంది; ఆ అతుకు చేతికి తెలియదు.

350కి 500 బుల్లెట్ 28 కార్బొరేటర్ తగిలిద్దామనే సరదా చాలామందికి ఉంటుంది. నాకు నచ్చదు. దారి వెడల్పయితే స్లోలో గాలి వేగం పడిపోతుంది, పెట్రోలు సరిగా లేవదు, బండి తడబడుతుంది. పాత 24 కొనేటప్పుడు స్లైడ్‌ని వేలితో ఊపి చూడాలి. అది కదిలే గొట్టం అరిగిపోతే పక్కనుంచి గాలి లాగుతుంది. అప్పుడు ఏ స్క్రూ తిప్పినా స్లో నిలవదు. ఇంజిన్‌కి బిగించే అంచు వంగిందేమో కూడా అద్దం మీద పెట్టి చూసుకోవాలి.

శుభ్రం చేసేటప్పుడు జెట్లలో తీగ దూర్చకూడదు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదవుతుంది. గాలి కొట్టి, వెలుతురుకి పెట్టి చూస్తే చాలు. గిన్నెలోకి పెట్రోలు ఆపే పిన్ను మొన మీద గీత పడితే ఓవర్‌ఫ్లో తప్పదు. పిన్ను మార్చాల్సిందే.

20 శాతం ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలు తేమను పీలుస్తుంది. వారాల తరబడి కదలని బండికి అదే శత్రువు. నిలిపేముందు పెట్రోలు కాక్ కట్టేసి, గిన్నె ఖాళీ అయ్యేదాకా ఇంజిన్ నడపాలి. ఇథనాల్ గాలి-పెట్రోలు మిశ్రమాన్ని పలచన చేస్తుంది. 500 మీటర్లకు పైనున్న హైదరాబాద్ పలుచటి గాలి దాన్ని కొంచెం చిక్కన చేస్తుంది. రెండూ ఒకదానికొకటి కొంత సరిపోతాయి కాబట్టి జెట్ మార్చేయడానికి తొందర వద్దు.

స్లో కుదర్చడం ఇంజిన్ వేడెక్కాకే. ఎయిర్ స్క్రూని తేలిగ్గా ఆనేదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వదలాలి. అక్కణ్నుంచి అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ ఇంజిన్ ఎక్కడ చురుగ్గా, నిలకడగా తిరుగుతుందో వినాలి. స్లో ఎక్కువైతే స్లైడ్ స్క్రూతో దించాలి. తర్వాత ఒక్కసారి రేజ్ చేయాలి. కార్బొరేటర్‌లోంచి తుమ్మితే పెట్రోలు చాలట్లేదు: పైలట్ శుభ్రంగానే ఉంటే, నీడిల్ క్లిప్పు ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. నల్లపొగ వస్తే క్లిప్పు ఒక గాడి పైకి.